ఎవరూ దత్తత తీసుకోని నాగజ్యోతి

పత్తికొండ
అక్టోబరు 6

నెహెమ్యన్నకు,

ఫిరోజా రాయునది. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోనులో అడిగే పని కాదిది. వాట్సాప్‌లో పెడితే సాయంత్రానికి జిల్లా అంతా తిరుగుతుంది. పైగా మనిద్దరం ఫోనులో మాట్లాడితే మూడో నిమిషానికి నువ్వు అరుస్తావు, నాలుగో నిమిషానికి నేను పెట్టేస్తాను. కర్నూలులో బీఎడ్ చదివిన నాటి నుంచీ ఇదే కదా మన వరస.

నేను ఈ హైస్కూలుకు హెడ్‌మిస్ట్రెస్‌గా వచ్చి ఏడాదిన్నర. పోయినేడు పదో తరగతి నలభై ఒక్కమంది రాస్తే ఇరవై నలుగురు గట్టెక్కారు. మండలంలో ఆఖరు మేమే. మీటింగులో అందరి ముందూ నన్ను నిలబెట్టి, "ఈసారి వంద శాతం రాకుంటే మీ దారి మీరు చూసుకోండమ్మా" అన్నారు. ఆ మాట అన్న అధికారికి నా కంటే పదేళ్ళు చిన్న వయసు.

పోయిన వారం దత్తత పెట్టాం. నీకు తెలిసిందే. వెనకబడిన పిల్లల్ని టీచర్లు తలా ఇద్దరు ముగ్గురిని పంచుకుని మార్చి దాకా పూచీ పడటం. స్టాఫ్ రూంలో అది అచ్చం ఎద్దుల సంతలాగే సాగింది. తెలుగు చెప్పే మధులత, సైన్సు బాలస్వామి మీద పడింది. "మంచి గిత్తలన్నీ సారే తోలుకున్యాడు, కాడి మోయనివి నాకు మిగిల్చినాడు!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పంతొమ్మిది పేర్లలో పద్దెనిమిది అయిపోయాయి. నాగజ్యోతి మిగిలింది. "ఆయమ్మి తన పేరు తానే తప్పుల్లేకుండా రాయలేదు మేడం. తీసుకుంటే నా లెక్క ఖరాబైతాది" అన్నాడు బాలస్వామి. మిగతావాళ్ళు సంచులు సర్దుకున్నారు.

నువ్వు ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే మనిషివి. మా మండలంలో ఆ పోస్టు ఖాళీ. ఈ పిల్లకు బుద్ధి ఎదగలేదని నువ్వొక రిపోర్టు రాసిస్తే, 'ఇంటి దగ్గర చదువు' కింద చూపించవచ్చని మా మండలం ఇన్‌ఛార్జి అధికారి అన్నాడు. అప్పుడు పదో తరగతి లెక్కలో ఆమె ఉండదు. మైదుకూరు వైపు ఒక బడిలో ఇట్లా చేశారట, అక్కడ పనిచేసిన టీచరొకామె చెప్పింది. ఆ పిల్లకూ పరీక్ష బాధ తప్పుతుంది, నాకూ తప్పుతుంది.

రాస్తావు కదూ?

నీ చెల్లెలు,
ఫిరోజా


బద్వేలు
అక్టోబరు 11

ఫిరోజమ్మకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి, ఇది నువ్వు రాసిందేనా అని. రెండోసారి, తిట్టేందుకు మాటలు వెతుక్కుంటూ.

ఇంటి దగ్గర చదువు ఎవరికో తెలుసా నీకు? మంచం మీది నుంచి లేవలేని పిల్లలకు. నా జాబితాలో సుజన అని పదకొండేళ్ళ పాప ఉంది. మెడ నిలవదు. వారానికొకసారి పోయి, పక్కన కూర్చుని, రంగు పూసలు చేతిలో పెట్టి వేళ్ళు ఆడిస్తాను. నా మోటారుసైకిలు చప్పుడు వింటే నవ్వుతుంది. ఆ పాప పక్కన, రోజూ బడికి నడిచి వచ్చే పిల్లను తెచ్చి పడుకోబెట్టమంటావు. దేనికి? నీ శాతం కోసం.

మా తాత చెప్పులు కుట్టేవాడు. కాలు పలక మీద పెట్టించి, చుట్టూ బొగ్గుతో గీత గీసి, ఆ గీత ప్రకారం తోలు కోసేవాడు. వంకర కాలైతే వంకర చెప్పు. చెప్పు పట్టలేదని కాలు కోసే విద్య ఆయనకు తెలియదు. అది తెలిసింది మన విద్యాశాఖకు ఒక్కదానికే.

పిల్లకు బుద్ధి ఎదగలేదని ఎవరు చెప్పారు? పేరు రాయలేకపోతే బుద్ధి లేనట్టా? పదేళ్ళు మీ బళ్ళలో కూర్చుంది. పదేళ్ళుగా ఒక్కరన్నా కాగితం పక్కన పెట్టి ఆ పిల్లను మాట అడిగారా? మీటింగులో నిన్ను నిలబెడితే నీకు రోషం వచ్చింది. ఆ పిల్లను స్టాఫ్ రూంలో సంతకు పెట్టారు, నువ్వు నవ్వావు. నువ్వే రాశావు ఆ ముక్క.

రిపోర్టు రాయను. ముందు ఆ పిల్ల చేత ఒక పాఠం నోటితో చెప్పించు. తర్వాత మాట్లాడదాం.

నెహెమ్యా


పత్తికొండ
అక్టోబరు 24

అన్నా,

నీ ఉత్తరానికి పది రోజులు జవాబు రాయలేదు. రాస్తే బూతులు వచ్చేవి.

నువ్వు మోటారుసైకిలెక్కి ఒక పాప దగ్గర గంట కూర్చుని కడుపు నిండా పుణ్యం తెచ్చుకుంటావు. నాకు మూడు వందల పది మంది పిల్లలు, తొమ్మిది మంది టీచర్లు. పొద్దున్నే మరుగుదొడ్డి ఫోటో, మధ్యాహ్నం గుడ్ల ఫోటో, సాయంత్రం హాజరు ఫోటో. పాఠం చెప్పిన ఫోటో మాత్రం ఎవరూ అడగరు. నీతులు చెప్పేది సులభం.

అయినా ఒకటి జరిగింది. చెప్పకపోతే అన్యాయం.

సోమవారం బడి బోరు ఆగిపోయింది. నీళ్ళు లేవు, మెకానిక్ రేపొస్తానన్నాడు. బాలస్వామీ నేనూ స్టార్టరు పెట్టె ముందు నిలబడి స్విచ్ వేస్తున్నాం, తీస్తున్నాం. వెనక నుంచి నాగజ్యోతి అంది: "ఊరికే ఎయ్యద్దండి మేడం, కాలిపోతాది. మోటారు మూలుగుతాంది గానీ తిరగల్యా. కెపాసిటర్ పోయింటాది."

వాళ్ళ నాయన ఓబుళేశు బోర్లలో మోటార్లు దించే పనికి పోతాడు. సెలవుల్లో ఆ పిల్లా వెంట పోతుందట. మెకానిక్ వచ్చి చూశాడు. కెపాసిటరే.

బాలస్వామికి కుతూహలం పుట్టి కరెంటు పాఠంలోంచి అడిగాడు. "ఒకదాని యెనక ఒకటి కడితే, ఒకటి పోతే అన్నీ పోతాయి సార్. పక్కపక్కన కడితే ఒకటి ఆరినా తక్కినవి యెలుగుతాయి. అందుకే గదా ఇండ్లకు అట్ల కట్టేది" అంది. ఇరవై ప్రశ్నలు అడిగాడు, పదిహేడు చెప్పింది. తర్వాత అవే ప్రశ్నలున్న కాగితం చేతికిచ్చాడు. పిల్ల ముఖం ఆరిపోయింది. అక్షరాలు వెనకా ముందూ అవుతాయట. "నిలబడవు సార్, చీమల మాదిరి పోతాంటాయి" అంది.

బాలస్వామి స్టాఫ్ రూంకొచ్చి ఆ కాగితం బల్ల మీద పెట్టాడు. తర్వాత, "పదేండ్ల సంది చదువు చెప్తాండా మేడం. నాకే బుద్ధి ఎదగల్యా" అన్నాడు.

సరే. ఇప్పుడేం చేయాలి? నవంబరు నెలాఖరుకు పరీక్ష రాసే వాళ్ళ పేర్లు పంపాలి. చేత్తో రాయలేని పిల్లను పంపితే సున్నా కదా వచ్చేది.

ఇంకొకటి. ఆ మైదుకూరు సంగతి నువ్వు దాటేశావు. ఎవరు చేశారది?

ఫిరోజా


బద్వేలు
అక్టోబరు 30

ఫిరోజమ్మా,

బాలస్వామికి నా నమస్కారం చెప్పు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆ మాట అనగలిగిన సైన్సు మాస్టరును నేను చూడలేదు.

చదవడం, రాయడం కుదరని పిల్లలకు ఒక దారి ఉంది. కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టర్ల బోర్డు చూసి సర్టిఫికెట్ ఇస్తుంది. అది ఉంటే ఆ పిల్ల చెబుతుంటే కింది తరగతి పిల్ల పక్కన కూర్చుని రాసిపెట్టవచ్చు. సమయం ఎక్కువిస్తారు. ఇది దానం కాదు, హక్కు. పదేళ్ళుగా కాగితాల మీద ఉంది. మీ బడికెవరూ చెప్పలేదు, మీరెవరూ అడగలేదు. కళ్ళజోడు పెట్టుకున్న పిల్లను కాపీ కొడుతోందని అంటామా? ఇదీ అంతే.

ఇంక ఆ పిల్ల చెప్పిన కరెంటు పాఠమే మన చదువుకు పాఠం. మన బళ్ళలో పిల్లల్ని ఒకరి వెనక ఒకరిని కట్టి నడుపుతున్నాం. ఒక పిల్ల ఆగితే బడి శాతం ఆగుతుందని, ఆ పిల్లను పీకి పారేసి తీగ ముడేస్తున్నాం. హెడ్‌మిస్ట్రెస్ అంటే ఫోటోలు పంపే మనిషి కాదమ్మా. తీగ ఎట్లా కట్టాలో తేల్చే మనిషి.

తల్లిని ఒప్పించు. వచ్చే వారమే పంపు. ఆలస్యం చేస్తే తేదీలు దొరకవు.

నెహెమ్యా


పత్తికొండ
నవంబరు 16

అన్నా,

ఉపన్యాసం బాగుంది. కింద చప్పట్లు నేను కొట్టాను.

నాగజ్యోతి తల్లి నాగలక్ష్మమ్మ దగ్గరికి మూడుసార్లు పోయాను. మూడోసారి చేటలో వేరుశనగకాయలు పెట్టింది, తిన్నాక పొమ్మంది. "నా బిడ్డకు పిచ్చి అని గవుర్మెంటు కాగితం తెచ్చుకోమంటారా మేడం? రేపు ఊర్లో ఏమంటారు? చదువు రాకపోతే రాకపాయె. సుగ్గికి పోతాండాం, మాతోపాటు తోలుకోని పోతాం." గుంటూరు వైపు మిరపకాయలు కోసే ఈ సుగ్గి కూలికి నెల తిరగ్గానే ఊరు సగం ఖాళీ అవుతుంది. పోతే మార్చి దాకా రారు. బడిలోనే ఉంచుకుంటామన్నాను. "పరీచ్చ రాయని పిల్ల ఈడ ఉండి ఏం జేస్తాది?" అంది. చేట పక్కన పెట్టి లేచాను.

పైనుంచి మళ్ళీ ఫోను. పేర్లు పంపేటప్పుడు 'జాగ్రత్తగా చూసుకోండి' అని.

నేను అలసిపోయాను. నాగజ్యోతి పేరు ఈ ఏడాదికి ఆపేస్తున్నాను. వచ్చే ఏడాది చూస్తాం. ఒక్క ఏడాదికి ఏం మునుగుతుంది?

కోపం తెచ్చుకునే ముందు ఒకటి చెప్పు. మైదుకూరు మాట రెండుసార్లు ఎత్తితే రెండుసార్లు దాటేశావు. ఆ టీచరమ్మను మళ్ళీ కదిలించాను. ఆరేళ్ళ కింద మైదుకూరు దగ్గర ఏడుగురు పిల్లలకు రిపోర్టు రాసింది నువ్వేనట. ఆ ఏడు ఆ బడికి వంద శాతం వచ్చిందట. గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. నాకు ఇన్ని నీతులు చెప్పిన మనిషివి, నువ్వేనా?

ఫిరోజా


మైదుకూరు
నవంబరు 19

ఫిరోజమ్మకు,

నేనే.

నీ ఉత్తరం అందిన రోజే బస్సెక్కి ఇక్కడికి వచ్చాను. ఈ ఉత్తరం షబ్బీర్ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. షబ్బీర్ ఆ ఏడుగురిలో ఒకడు.

అప్పుడు నాది ఏడాదేడాదికి పొడిగించే ఉద్యోగం. ఇప్పుడూ అంతే. ఆ బడి హెడ్మాస్టరు నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. "రాస్తే అందరికీ మేలు నెహెమ్యా. నీ రెన్యువల్ కాగితం కూడా నా టేబుల్ మీద నుంచే పోవాల గదా" అన్నాడు. బెదిరింపు కాదు, నవ్వుతూనే అన్నాడు. నేను ఒక మధ్యాహ్నం కూర్చుని ఏడు రిపోర్టులు రాశాను. ఒక్క పిల్లను కూడా చూడలేదు. 'బుద్ధి వయసు ఆరేళ్ళు' అని రాశాను, ఏడింటికీ. ఒకే పెన్ను, ఒకే మాట.

వాళ్ళను ఇంటి దగ్గరే ఉండమన్నాం. వచ్చే ఏడాది చూస్తామన్నాం. ఫిరోజమ్మా, ఆ మాట సరిగ్గా నువ్వు రాసిన మాటే. ఆ వచ్చే ఏడాది ఎవరికీ రాలేదు. ఒకసారి గడప దాటిన పిల్లను వెనక్కి పిలిచే రిజిస్టరు ఏ బడిలోనూ లేదు.

షబ్బీర్‌కు ఇప్పుడు ఇరవై రెండు. పసుపు మార్కెట్టులో బస్తాలు మోస్తున్నాడు. సంగతి చెప్పాను. కొడతాడనుకున్నా. "నేను మొద్దునని నాకు తెల్సు సార్, మీరేం అబద్ధం రాయల్యా" అన్నాడు. నా రాతను అతను నమ్మాడు. ఆరేళ్ళుగా నమ్ముకుని బతుకుతున్నాడు. కొట్టి ఉంటే బాగుండేది.

నీ మీద అరిచింది అందుకే. నీ మొదటి ఉత్తరంలో నా చేతిరాత కనబడింది నాకు.

ఇప్పుడు రెండు సంగతులు. ఆ ఏడు రిపోర్టులు తప్పుడువని, చూడకుండా రాశానని, బస్సెక్కే ముందే మా ఆఫీసులో లిఖితంగా ఇచ్చాను. రశీదు తీసుకున్నాను. రెండు, ఆదివారం షబ్బీర్‌ను తీసుకుని పత్తికొండ వస్తున్నాను. నాగలక్ష్మమ్మతో నేను మాట్లాడను. నాకు ఉపన్యాసాలు తప్ప మాటలు రావు. అతను మాట్లాడతాడు.

నువ్వు ఆ పేరు కొట్టెయ్యకు. నాలుగు రోజులు ఆగు. దండం పెడతాను.

నెహెమ్యా


పత్తికొండ
డిసెంబరు 2

అన్నా,

మీరు వెళ్ళాక జరిగింది వింటే నీకు నిద్ర పడుతుందని రాస్తున్నాను.

ఆ రోజు నువ్వు వీధిలో బీడీ కాలుస్తూ నిలబడ్డావు కాబట్టి లోపలి మాట నీకు తెలియదు. నాగలక్ష్మమ్మ షబ్బీర్‌ను పైకీ కిందికీ చూసి, "నీకేమైంది నాయనా?" అంది. "నాకేం కాల్యా పెద్దమ్మా. బడికి రావద్దన్నారు. రాల్యా. అంతే" అన్నాడు. "మీ అమ్మ అడగలేదా?" "సార్లు రాసినారంటే నిజమే ఉంటాదనుకున్యాది." ఆమె వేరుశనగకాయల చేట అతని ముందుకు జరిపింది. తర్వాత నా వైపు తిరిగింది. "ఆ కాగితంలో పిచ్చి అని ఉండదు గదా మేడం?" ఉండదన్నాను. "చదివి వినిపిస్తావా నాకు, ఒక్క మాట ఇడ్సకుండా?" వినిపిస్తానన్నాను.

గురువారం కర్నూలు పోయాం. డాక్టరమ్మ గంటన్నర చూసింది. సర్టిఫికెట్ వచ్చింది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నాగలక్ష్మమ్మకు మొదటి నుంచి చివరి దాకా చదివి తెలుగులో చెప్పాను. 'తెలివి సగటు కంటే మెరుగు' అన్న చోట ఆపి, ఇంకొకసారి చదవమంది. మూడుసార్లు చదివించుకుంది. పిల్ల మాత్రం బస్సు పోతుందని గోల.

తల్లిదండ్రులు సుగ్గికి పోయారు. నాగజ్యోతి నాయనమ్మ దగ్గర ఉంది. పదో తరగతిలోని ముప్పై ఎనిమిది పేర్లూ పంపాను. పంపిన సాయంత్రమే ఫోనొచ్చింది. "ఆలోచించుకున్నారా?" అన్నారు. "నెల రోజులు ఆలోచించాను సార్" అన్నాను.

దత్తత కూడా తిరగేశాం. టీచర్లు పిల్లల్ని ఎంచుకోవడం కాదు, పిల్లలే టీచర్లను ఎంచుకోవాలన్నాను. బాలస్వామికి పదకొండుమంది వచ్చారు. నాగజ్యోతి అందరికంటే ముందు పోయి నిలబడింది. మధులతకు ఒక్కరే. మూడు రోజులు ముఖం ముడుచుకుంది. నాలుగో రోజు నుంచి పాఠం కథగా చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఐదుగురు.

నీ ఉద్యోగం సంగతి రాయలేదు. ఏమన్నారు?

ఫిరోజా


బద్వేలు
మార్చి 9

ఫిరోజమ్మా,

విచారణ అయ్యేదాకా రావద్దన్నారు. మూడు నెలలుగా ప్రత్యేక పిల్లల సెంటరుకు పోవడం లేదు. సుజన దగ్గరికి మాత్రం పోతున్నాను. దానికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు.

ఏడుగురిలో ఐదుగురు దొరికారు. ఒకామె ఇద్దరు బిడ్డల తల్లి, నా మొహం మీదే తలుపేసింది. వేసింది న్యాయమే. ముగ్గురు చదువుతామన్నారు. మైదుకూరులో చర్చి వరండాలో ఆదివారం ప్రార్థన అయ్యాక కూర్చుంటాం. ఓపెన్ స్కూలు పరీక్షకు కడుతున్నారు. షబ్బీర్ లెక్కల్లో నన్ను మించిపోయాడు, దాన్ని దాచుకోవడం కూడా రాదు అతనికి. "సార్, మీ బుద్ధి వయసు ఎంత?" అంటాడు.

వచ్చే వారం పరీక్షలు. పర్యవేక్షణకు వచ్చినవాళ్ళు, రాసిపెట్టే పిల్లను చూసి అడ్డం పడతారు. వాళ్ళకు రూలు తెలియదు, తెలియదని ఒప్పుకోరు. రాసిపెట్టవచ్చన్న ఆర్డరు కాపీలు నాలుగు తీయించి ఒకటి చేతిలో, ఒకటి సంచిలో, ఒకటి బాలస్వామి జేబులో, ఒకటి పిల్ల హాల్‌టికెట్టుకు కుట్టి పెట్టు. మాటకు మాట చెప్పకు, కాగితం చూపించు. అరవాల్సి వస్తే నాకు ఫోను చెయ్యి, నేను అరుస్తాను.

నెహెమ్యా


పత్తికొండ
ఏప్రిల్ 28

అన్నా,

ఫలితాలు నువ్వు చూసే ఉంటావు. నేను చెప్పేది వేరే.

మొదటి రోజు అడ్డం పడ్డారు, నువ్వన్నట్టే. ఇరవై నిమిషాలు పోయాయి. మూడో కాపీకి ఒప్పుకున్నారు. పోయిన ఇరవై నిమిషాలు చివర్లో ఇచ్చేదాకా గుమ్మంలో నిలబడ్డాను.

ముప్పై ఎనిమిదిలో ముప్పై ఒకటి పాసు. నాగజ్యోతి తెలుగు, లెక్కలు, సైన్సు, సోషల్ గట్టెక్కింది. సైన్సులో డెబ్భై నాలుగు, బడిలో మూడో స్థానం. హిందీ, ఇంగ్లీషు పోయాయి. నేను ఏడ్చాను. ఆ పిల్ల ఏడవలేదు. "రెండే గదా మేడం. మే నెలలో మళ్ళీ రాయచ్చు గదా. రాసిపెట్టే పిల్లను ఊరికి పోవద్దని చెప్పండి" అంది. నిన్నటి నుంచి ఎండలో పొద్దున్నే వచ్చి కూర్చుంటోంది. తప్పిన తక్కిన ఆరుగుర్నీ ఆమే ఇంటింటికీ పోయి పిలుచుకొచ్చింది.

ఈ మధ్యాహ్నం మెమో వచ్చింది. నూరు శాతం సాధించలేకపోవడానికి కారణాలు మూడు రోజుల్లో వివరించాలట. పక్క బళ్ళకు వంద వచ్చిందట. పోయినేడు నేను ఇట్లాంటిదానికి నాలుగు పేజీలు రాశాను. టీచర్లు తక్కువని, వలసలని, తల్లిదండ్రులకు శ్రద్ధ లేదని. అందులో నిజాలూ ఉన్నాయి. కానీ ఆ నాలుగు పేజీలూ క్షమించమని అడగడానికి రాసినవి.

ఈసారి బాలస్వామిని పిలిచి హాజరు పట్టీలు తెప్పించాను. ఆయన నా టేబుల్ పక్కనే నిలబడ్డాడు. మూడు వాక్యాలు రాశాను:

'పోయిన ఏడు మా తొమ్మిదో తరగతిలో ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. ఈ ఏడు పదో తరగతిలో ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. పరీక్ష హాలులో ముప్పై ఎనిమిది మంది కూర్చున్నారు.'

కింద సంతకం చేసి ముద్ర వేశాను. బాలస్వామి చదివి కాగితం వెనక్కి తిప్పి చూశాడు.

"ఇంకేమన్నా రాద్దామా మేడం?"

"ఇంకేముండాది సార్, రాసేకి?"

ఫిరోజా